నేటాల్‌లో మనోళ్ల మీద 3 పౌండ్ల పన్ను: డర్బన్, లండన్, కలకత్తా మధ్య నడిచిన ఉత్తరాలు

సముద్రఘోష:
అందరికీ నమస్కారం. గాంధీ గారి సౌత్ ఆఫ్రికా కథ అనగానే రైల్లోంచి దింపేసిన సంగతే చెప్పుకుంటాం, 1893, పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్. అదే టైంలో ఇంకో కథ ఫైళ్లలో నడిచింది, దాని గురించి ఇక్కడ ఎవరూ రాసినట్టు లేదు కాబట్టి మొదలెడుతున్నా. నేటాల్ అంటే సౌత్ ఆఫ్రికాలో డర్బన్ రేవు ఉన్న బ్రిటిష్ కాలనీ. నేటాల్ గవర్నర్ లండన్‌లో కాలనీల ఆఫీసుకి రాస్తాడు, వాళ్లు పక్క బిల్డింగులోని ఇండియా ఆఫీసుని అడుగుతారు, ఇండియా ఆఫీసు కలకత్తాలో వైస్రాయ్‌కి రాస్తుంది, జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి వెళ్తుంది. చెరుకు తోటల్లో పనిచేసే వాళ్లు ఎన్నేళ్లు ఉండాలి, ఎంత కట్టాలి, ఓటు వెయ్యచ్చా లేదా అన్నీ ఆ ఉత్తరాల్లోనే తేలిపోయేవి, తోటలో ఉన్నోడికి మాత్రం ఒక్క ముక్క తెలీదు.

ముందు కాస్త బ్యాక్‌గ్రౌండ్. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది, అక్కడ గిర్మిట్ కూలీలు, అంటే అగ్రిమెంట్ రాసి వెళ్లిన ఒప్పంద కూలీలు, దిగడం అదే మొదలు. 1911 వరకు మొత్తం 152,184 మంది వెళ్లారు, మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే, అంటే తమిళులు, తెలుగువాళ్లు. మనోళ్లలో ఎక్కువ మంది విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్లు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకి 10 షిల్లింగులు, ఏడాదికో షిల్లింగ్ పెరుగుతూ ఐదో ఏడుకి 14, తిండి వాళ్లదే.

ఇప్పుడు అసలు పాయింట్. 1875 మార్చి 24న లండన్‌లో ఇండియా మంత్రిగా ఉన్న సాల్స్‌బరీ మన వైస్రాయ్ ప్రభుత్వానికి ఒక డెస్పాచ్, అంటే అధికారిక ఉత్తరం, పంపాడు. కూలీలని కాలనీలకి పంపడంలో మీరు సాయం చెయ్యండి, కానీ ఒక షరతు, ఒప్పందం పూర్తయ్యాక అక్కడే ఉండిపోయిన వాళ్లు అన్ని విధాలా స్వేచ్ఛగల మనుషులు, రాణి గారి మిగతా ప్రజల కంటే ఏ హక్కులోనూ తక్కువ కాదు అని. స్పష్టంగా రాశాడు. ఆ ఉత్తరం ఎక్కడా చట్టం కాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత అదే సాల్స్‌బరీ ప్రధానిగా ఉండగా, సరిగ్గా ఆ వాక్యానికి వ్యతిరేకంగా నేటాల్ చేసిన చట్టాలు ఒక్కొక్కటిగా లండన్‌లో పాస్ అయిపోయాయి. నాకు అర్థమైనంతవరకు లండన్ ఎప్పుడూ నేటాల్ చేసే పనిని ఆపలేదు, దాన్ని కాగితం మీద ఎలా రాశారో అదొక్కటే ఆపింది. ఇండియన్ అన్న పేరు తీసేసి పంపండి, సంతకం పెట్టేస్తాం అన్నట్టు. మీరేమంటారు?

ఉద్దానం అబ్బాయి:
మంచి టాపిక్ అన్నా. మా ఊరి వైపు కూడా ముసలోళ్లు నాటాలు పోనారు, తిరిగి రానేదు అంటుంటారు, అదే ఇదని నాకు కాలేజీకొచ్చాకే తెలిసింది. ఆ 3 పౌండ్ల పన్ను ఎవరు కట్టాలి, ఎందుకు పెట్టారు, దానికి మన దేశంలో ఉన్న ప్రభుత్వం ఎలా ఒప్పుకుంది? అది కొంచెం వివరంగా చెప్పండి.

సముద్రఘోష:
చెప్తా తమ్ముడూ. నేటాల్ తెల్లవాళ్లకి కూలీలు కావాలి, కూలీ పని అయ్యాక ఆ మనిషి మాత్రం అక్కడ ఉండకూడదు. ఉండిపోయినోళ్లు కూరగాయలు పండించి సగం ధరకి అమ్మేవాళ్లు, చిన్న చిన్న కొట్లు పెట్టుకున్నారు, పోటీ అయ్యారు. 1885లో జస్టిస్ వ్రాగ్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు, 1887లో రిపోర్ట్ వచ్చింది, అందులోనే స్వేచ్ఛగా ఉన్న ఇండియన్ల వల్ల కాలనీకి లాభమే అని రాశారు. అందులో సభ్యుడు సాండర్స్ అని పాత సెటిలర్, ఆయన విడిగా రాసిన నోట్ చదివితే కడుపు తరుక్కుపోతుంది. కావాలంటే కూలీలని తెప్పించుకోవడమే ఆపేయండి గానీ, వయసంతా మనకి ధారపోశాక వెనక్కి తోలేస్తే వాళ్లు వెళ్లేది ఎక్కడికి, చిన్నప్పుడు ఏ ఆకలి నుంచి పారిపోయి వచ్చారో మళ్లీ ఆ ఆకలి దగ్గరికే కదా అని. ఒక తెల్ల తోట యజమానుల కాలనీలో ఆ రోజుల్లో ఆ మాట అచ్చులో వెయ్యడం చిన్న విషయం కాదు.

1893లో నేటాల్‌కి స్వపరిపాలన వచ్చింది. వచ్చీరాగానే బిన్స్, మేసన్ అనే ఇద్దర్ని కలకత్తా పంపారు, ఒప్పందం అయిపోగానే కూలీ తప్పనిసరిగా ఇండియా వెళ్లిపోవాలి లేదా మళ్లీ ఒప్పందం రాయాలి, అలా చట్టం చేసుకోడానికి మీరు ఒప్పుకోండి అని. ఉండిపోయే వాడి మీద ఏడాదికి 25 పౌండ్ల పన్ను వెయ్యాలని వాళ్ల ఆలోచన. లార్డ్ ఎల్గిన్ అప్పుడే వైస్రాయ్‌గా వచ్చాడు, ఆయన 25 మరీ ఎక్కువన్నాడు, వెళ్లకపోతే జైలు అనే నిబంధన వద్దన్నాడు, 3 పౌండ్లకి సరే అన్నాడు. అంతే. ఈ బేరంలో ఒక వైపు నేటాల్ ఉంది, ఇంకో వైపు వైస్రాయ్ ఉన్నాడు, ఆ డబ్బు కట్టాల్సిన మనిషి ఏ వైపూ లేడు.

అదే 1895లో 17వ నంబర్ చట్టం. అందులో దాన్ని పన్ను అని రాయలేదు, కాలనీలో ఉండటానికి ఏటా తీసుకోవాల్సిన పాసు లేదా లైసెన్సు అని రాశారు. నెలకి 14 షిల్లింగులు అంటే అదీ ఐదో ఏడు జీతం, 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, నాలుగు నెలల జీతం పైనే. భార్యకి వేరే 3 పౌండ్లు. తర్వాత 1903లో ఇంకో చట్టం తెచ్చి 16 దాటిన కొడుక్కి, 13 దాటిన కూతురికి కూడా వేశారు, అంటే అలాంటి నలుగురున్న ఇంటికి ఏడాదికి 12 పౌండ్లు. పదమూడేళ్ల పిల్ల ఆ దేశంలో ఉండటానికి లైసెన్సు, ఆలోచించండి.

కృష్ణాతీరం:
సముద్రఘోష గారూ, మీ బాధ అర్థమైంది గానీ లండన్ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలండి. 1893 తర్వాత నేటాల్ స్వపరిపాలన కాలనీ. దాని బడ్జెట్ దానిది, దాని అసెంబ్లీ దానిది. కాలనీల మంత్రి చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఆయుధం, రాణి పేరు మీద అసెంట్, అంటే ఆమోదం, ఇవ్వకుండా ఆపడం. దాన్ని ప్రతి బిల్లుకీ వాడితే కాలనీ తిరగబడుతుంది. అమెరికా పోయిన దెబ్బ ఇంగ్లాండ్ ఎప్పుడూ మర్చిపోలేదు, పక్కనే ట్రాన్స్‌వాల్‌లో బోయర్లతో, అంటే డచ్చి సంతతి తెల్లవాళ్లతో, గొడవ ముదురుతోంది, అలాంటప్పుడు నేటాల్ తెల్లవాళ్లని దూరం చేసుకుంటారా? నేను సమర్థించట్లేదు. కానీ ఆ ఉత్తరాలు చదివేటప్పుడు రాసేవాడి చేతిలో ఏముంది, ఏం లేదు అనేది లెక్కలోకి తీసుకోకపోతే చరిత్ర కాదు, తిట్ల దండకం అవుతుంది. పైగా ఎల్గిన్ ఒప్పుకోకపోతే నేటాల్ ఏం చేసేది? కూలీలని తెప్పించడం ఆపేసేది, మన ఊళ్లలో కరువులో ఉన్నోళ్లకి ఆ దారి కూడా మూసుకుపోయేది అని వాళ్ల వాదన.

సముద్రఘోష:
కృష్ణాతీరం గారూ, నేటాల్ కూలీలని ఆపేసేది అన్నదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. చెరుకు తోటలు, రైల్వే, బొగ్గు గనులు అన్నీ మనోళ్ల మీదే నడిచాయి, ఆపడం వాళ్ల వల్ల అయ్యేది కాదు. ఆపగలిగే శక్తి ఇండియా ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఆ పని చెయ్యడానికి 1910లో గోఖలే వైస్రాయ్ కౌన్సిల్లో తీర్మానం పెట్టాల్సి వచ్చింది, 1911 జూలై 1 నుంచి నేటాల్‌కి కూలీలని పంపడం ఆగింది. 1894లో ఎల్గిన్ దగ్గర ఉన్న అధికారమే అది. వాడలేదు.

తోకలేని పిట్ట:
నేను తంతి శాఖలో పనిచేసి రిటైర్ అయిన వాణ్ణి, ఈ విషయంలో ఒకటి రెండు చెప్పాలనిపించి రాస్తున్నాను. ఉత్తరం ఎలా ప్రయాణించేదో తెలిస్తే మిగతాది ఇంకా బాగా అర్థమవుతుంది. కేప్ నుంచి ఇంగ్లాండ్‌కి మెయిల్ స్టీమర్‌లో సుమారు మూడు వారాలు, డర్బన్ నుంచి ఇంకొంచెం ఎక్కువ. 1879లో, అదీ జూలూ యుద్ధం జరుగుతున్న ఏడాది, ఏడెన్, జాంజిబార్, మొజాంబిక్ మీదుగా సముద్రం అడుగున కేబుల్ డర్బన్ దాకా వచ్చింది. ఆ తర్వాత అర్జెంటు విషయం టెలిగ్రాంలో, వివరం డెస్పాచ్‌లో. టెలిగ్రాంకి మాటల లెక్కన డబ్బు కాబట్టి రెండు పేజీల సంగతి రెండు లైన్లకి కుదించేవారు. ఆ కుదింపులో ఏం పోతుందో మా సర్వీసులో నేను కళ్లారా చూశాను, మర్యాద పోతుంది, కానీ, అయితే లాంటి మాటలు పోతాయి, గట్టి మాట ఒక్కటే మిగులుతుంది.

లండన్ చేరాక కాలనీల ఆఫీసులో ఆ ఉత్తరానికి ఒక అట్ట కాగితం కట్టేవారు. కింది గుమాస్తా ముందు తన నోట్ రాస్తాడు, పై అధికారి దాని కింద ఇంకో నాలుగు లైన్లు, ఆ పైవాడు ఇంకో రెండు, చివరికి మంత్రి దగ్గరికి వెళ్తే ఆయన ఒక్క లైను, పొట్టి సంతకం. మంత్రి పేరుతో బయటికి వెళ్లే డెస్పాచ్ చాలా నున్నగా ఉంటుంది, లోపలి నోట్స్‌లో మాత్రం మనసులో మాట ఉంటుంది. పార్లమెంట్‌లో ఎవరైనా ప్రశ్న వేస్తే ఆ నున్నటి ఉత్తరాల్లో కొన్ని ఏరి అచ్చు వేసేవారు, వాటినే బ్లూ బుక్ అనేవారు. ఏది వెయ్యాలో వాళ్లే తేల్చేవారు. వైస్రాయ్‌కీ ఇండియా మంత్రికీ మధ్య వారం వారం నడిచే ప్రైవేటు ఉత్తరాలు అసలు ఆ ఫైల్లోకే రావు. అందుకే బ్లూ బుక్ ఒక్కటే చదివి ఒక నిర్ణయానికి రాకూడదు అంటాను.

సముద్రఘోష:
పెద్దాయనా, మీరు రాసింది చదివాక ఓటు హక్కు గొడవ చెప్పాల్సిందే. 1894లో నేటాల్ అసెంబ్లీ ఇండియన్లకి ఓటు తీసేసే బిల్లు తెచ్చింది. అప్పటికి గాంధీ గారు తిరిగి ఇండియా బయల్దేరుతున్నారు, ఆగిపోయారు. ముందు అసెంబ్లీకి పిటిషన్ పెట్టారు, బిల్లు పాస్ అయిపోయింది. తర్వాత లార్డ్ రిపన్‌కి. ఈ రిపన్ మనకి తెలిసినోడే, 1880 నుంచి 84 దాకా వైస్రాయ్, ఇల్బర్ట్ బిల్లు ఆయన టైంలోదే, ఇప్పుడు లండన్‌లో కాలనీల మంత్రి. పదిహేను రోజుల్లో సుమారు పది వేల సంతకాలు, తోట తోటకి తిరిగి, ఏం రాసుందో చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి మరీ పెట్టించారు. ఆ పది వేలల్లో తెలుగులో పెట్టిన సంతకాలు ఎన్నో కదా అనిపిస్తుంది నాకు. పిటిషన్ కాపీలు దాదాభాయి నౌరోజీకి వెళ్లాయి, ఆయన అప్పుడు లండన్‌లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి పార్లమెంట్ సభ్యుడు.

అసలు ఓటర్లు ఎంతమందో చూడండి. మొత్తం 9,560 మందిలో తెల్లవాళ్లు 9,309, ఇండియన్లు 251. ఈ 251 మందికి భయపడి చట్టం!

రిపన్ అసెంట్ ఇవ్వకుండా ఆపాడు. 1895 జూన్‌లో ప్రభుత్వం మారి కాలనీల మంత్రిగా జోసెఫ్ చాంబర్లేన్ వచ్చాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆయన నేటాల్‌కి రాసిన డెస్పాచ్ చూస్తే పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది, ఈ బిల్లు రాణి ప్రజలకీ పరాయి దేశస్తులకీ తేడా చూడట్లేదు, ఇండియన్లలో బాగా చదువుకున్నవాణ్ణీ ఏమీ రానివాణ్ణీ ఒకే గాట కట్టింది, దీన్ని ఇలాగే ఆమోదించలేము అని. సంతోషించాల్సిన ఉత్తరమే కదా. 1896లో నేటాల్ కొత్త బిల్లు తెచ్చింది, అందులో ఇండియన్ అన్న మాట లేదు, ఆసియా లేదు. ఇప్పటిదాకా పార్లమెంటరీ ఓటు మీద నడిచే ప్రతినిధి సభలు లేని దేశాల వాళ్లు, యూరప్ మూలం కాని వాళ్లు, వాళ్ల మగ సంతతి ఓటర్ల లిస్టులో చేరకూడదు, గవర్నర్ మినహాయింపు ఇస్తే తప్ప. అంతే, చాంబర్లేన్ ఒప్పుకున్నాడు. ఇండియాలో అలాంటి సభలు ఎందుకు లేవు? ఇవ్వనివాళ్లు ఎవరు? అదే లండన్ కదా. వాళ్లే ఇవ్వకుండా, మీకు లేదు కాబట్టి అక్కడా ఓటు లేదని వాళ్లే సంతకం పెట్టడం, ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

పాలమూరు పిల్ల:
నేను హిస్టరీ పీజీ చేస్తున్న, ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. ఈ థ్రెడ్ల నేటాల్ అంటే తెల్లోళ్లు, మనోళ్లు అన్నట్టే మాట్లాడుతున్నరు అందరు. అప్పుడు అక్కడ తెల్లోళ్లు సుమారు 40 వేలు, మనోళ్లు దాదాపు అంతే, ఆఫ్రికన్లు సుమారు 4 లక్షలు. భూమి వాళ్లది. వాళ్ల ఓటు 1865లనే ఒక చట్టం చేసి తీసేసిన్రు, మినహాయింపు పత్రం అడుక్కొని తెచ్చుకుంటె తప్ప లేదు. అంటే పేరు పెట్టకుంట ఓటు తీసుడు, గవర్నర్ దయ మీద మినహాయింపు, ఈ పద్ధతి అంతా ముందు వాళ్ల మీద ప్రాక్టీస్ అయ్యింది.

ఇంకోటి. మనోళ్లు పెట్టిన పిటిషన్లు కూడ చదవండి, మమ్మల్ని ఆఫ్రికన్ల స్థాయికి దించుతున్నరు అనేది వాటిల్ల మళ్ల మళ్ల వస్తది, వాళ్ల గురించి వాడిన మాటలు ఇక్కడ రాయబుద్ధి కాదు. డర్బన్ పోస్టాఫీసుకి రెండు దర్వాజలుండె, ఒకటి తెల్లోళ్లకి, ఒకటి మిగిలినోళ్లకి. మనోళ్లు అర్జీ పెడితె మూడోది పెట్టిన్రు, ఇండియన్లకి వేరేగ. దాన్ని గెలుపు లెక్క చెప్పుకున్నరు. సామ్రాజ్యం ఉత్తరాల భాషల మాట్లాడాల్నంటె ఆ భాషల ఉన్న మెట్లన్నీ ఒప్పుకోవాల్సి వచ్చింది, మేం రాణి గారి ప్రజలం, మాది పాత నాగరికత, మేం వాళ్ల లెక్క కాదు అని. గాంధీ తర్వాత మారిండు, అది వేరే ముచ్చట. కానీ 1890ల ఉత్తరాలు గిట్లనే ఉన్నయ్, దాన్ని పక్కకు పెట్టి మన బాధ ఒక్కటే చెప్పుకుంటె సగం కథనే.

జోబర్గ్ తెలుగోడు:
పాలమూరు పిల్ల గారు, కరెక్ట్‌గా చెప్పారు. నేను ఉద్యోగం మీద ఇక్కడ ఉంటున్నా, ఇక్కడి ఫ్రెండ్స్ గాంధీ పేరెత్తితే మొదట అడిగేది ఇదే. మనం ఇండియాలో కూర్చుని చదివినప్పుడు ఇది కనపడదు.

డర్బన్ ఆర్కైవ్స్‌లో ఓడల లిస్టులు ఉన్నాయి, ఒక్కో మనిషికి ఒక్కో లైను. వరుస నంబర్, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు ఎన్ని అంగుళాలు, ఒంటి మీద ఏ గుర్తు. నుదుటి మీద మచ్చ, ఎడమ మోకాలి మీద కాలిన గుర్తు, అలా. ఎత్తు కొలిచారు, మచ్చలు లెక్కపెట్టారు, నీకు ఏం కావాలి అని అడిగిన కాలమ్ మాత్రం లేదు. ఎల్గిన్, చాంబర్లేన్ ఉత్తరాల్లో ఇండియన్ లేబర్ అనే ఒక్క మాటగా ఉన్నది ఈ లిస్టులోకొస్తే విజగపటం (విశాఖపట్నం) జిల్లా, ఇరవై రెండేళ్లు, మెడ మీద పుట్టుమచ్చ. నాకు రెండూ పక్కపక్కన పెట్టి చదవాలనిపిస్తుంది.

తోకలేని పిట్ట:
టెలిగ్రాంలో ఏం పోతుందో చెప్పాను కదా, దానికి 1896లో జరిగింది చూడండి. గాంధీ గారు ఇండియా వచ్చి ఆగస్టు 14న రాజ్‌కోట్‌లో ఒక కరపత్రం వేశారు, ఆకుపచ్చ అట్ట. నేటాల్‌లో ఇండియన్ల ఇబ్బందులన్నీ వివరంగా, చాలా సంయమనంతో రాసినది, నేటాల్‌లో ఉన్నప్పుడు ఆయన బాహాటంగా రాసిన దానికంటే మెత్తగానే ఉంది. ఇండియా పేపర్లు దాని సారాంశం వేశాయి. ఆ సారాంశానికి రాయిటర్ వార్తా సంస్థ వాళ్లు సెప్టెంబర్ 14న ఇంకో సారాంశం చేసి కేబుల్ కొట్టారు. నేటాల్‌లో ఇండియన్లని దోచుకుంటున్నారు, కొడుతున్నారు, పశువుల్లా చూస్తున్నారు, వాళ్లకి న్యాయం దొరకట్లేదు అని ఇండియాలో ఒక కరపత్రం వచ్చింది, టైమ్స్ ఆఫ్ ఇండియా విచారణ జరపాలంటోంది. మొత్తం ఇంతే, రెండు మూడు లైన్లు. అబద్ధం అనలేం. కానీ కరపత్రంలో ఉన్న ఉదాహరణలు, ఆధారాలు, అన్నీ కేబుల్ చార్జీల కింద ఎగిరిపోయాయి.

డర్బన్ తెల్లవాళ్లు అసలు కరపత్రం చూడలేదు, కేబుల్ చూశారు. డిసెంబర్ 18న కోర్లాండ్, నాదిరి అనే రెండు ఓడలు వందలమంది ఇండియన్లతో డర్బన్ చేరితే, ప్లేగు పేరు చెప్పి 1897 జనవరి 13 దాకా దింపనివ్వలేదు. అంటే 26 రోజులు ఒడ్డు కనిపిస్తుండగా నీళ్లమీద. ఆ ఓడల్లో ఒకదాంట్లో గాంధీ గారు భార్యాపిల్లలతో ఉన్నారు. దిగాక గుంపు రాళ్లు రువ్వి, తన్ని, చంపేసేవారే, పోలీసు సూపరింటెండెంట్ అలెగ్జాండర్ గారి భార్య గొడుగు విప్పి అడ్డం నిలబడబట్టి బతికారు. ఆ రాత్రి గాంధీ గారు తలదాచుకున్న మిత్రుడు రుస్తుంజీ ఇంటి చుట్టూ మూగితే కానిస్టేబుల్ వేషంలో తప్పించారు. అప్పుడు చాంబర్లేన్ నుంచి కేబుల్ వచ్చింది, దాడి చేసినవాళ్ల మీద కేసు పెట్టండి అని. గాంధీ గారు నాకొద్దన్నారు, వాళ్లని రెచ్చగొట్టిన పెద్దల తప్పు ఇది అన్నారు. ఆ పెద్దల్లో అటార్నీ జనరల్ ఎస్కోంబ్ కూడా ఉన్నాడు, నెల దాటగానే ఆయన నేటాల్ ప్రధాని అయ్యాడు.

కృష్ణాతీరం:
తోకలేని పిట్ట గారు, ఇది చాలా బాగా చెప్పారు. చాంబర్లేన్ కేసు పెట్టమన్నాడు కదా, అంటే లండన్‌కి పట్టింపు ఉందనే కదా అర్థం.

సముద్రఘోష:
పట్టింపు ఉంది, గుంపు కొట్టడం మీద. ఆ గుంపు అడిగినవన్నీ చట్టాలుగా మారడం మీద మాత్రం లేదు. అదే 1897లో నేటాల్ ఏం చేసిందో చూడండి. ఒకటి, వ్యాపారం లైసెన్సుల చట్టం, మునిసిపాలిటీ ఆఫీసరు లైసెన్సు ఇవ్వనంటే సుప్రీంకోర్టుకి అప్పీలు లేదు, కొట్టు లెక్కలు ఇంగ్లీషులో ఉండాలి. రెండు, వలసల కట్టడి చట్టం, దిగేవాడు యూరప్ భాషల్లో ఏదో ఒకదాని లిపిలో ఒక ఫారం నింపాలి. ఎక్కడా ఇండియన్ అన్న పేరు లేదు. తెలుగులో మహాభారతం మొత్తం నోటికొచ్చిన పండితుడు కూడా డర్బన్ రేవులో చదువురానివాడి కిందే లెక్క. కానీ గిర్మిట్ కూలీకి ఈ పరీక్ష లేదు! చెరుకు నరకడానికి వచ్చేవాడు ఏ భాషా రాకపోయినా రావచ్చు, సొంత డబ్బుతో కొట్టు పెట్టుకోడానికి వచ్చేవాడికే పరీక్ష. ఇదొక్కటి చాలు ఆ చట్టం ఎవరి కోసమో తెలియడానికి.

అదే ఏడాది రాణి డైమండ్ జూబిలీకి కాలనీల ప్రధానులందరూ లండన్ వెళ్లారు. అక్కడ చాంబర్లేన్ వాళ్లతో చెప్పిన మాటల సారం ఏంటంటే, ఆసియా వాళ్లని రానివ్వకూడదన్న మీ కోరికని మేం పూర్తిగా అర్థం చేసుకున్నాం, కానీ రంగు, జాతి తేడా చూడదని ఈ సామ్రాజ్యానికి ఒక సంప్రదాయం ఉంది, కాబట్టి రాణి ప్రజలు ఎవరి మనసూ నొచ్చుకోని మాటల్లో రాసుకోండి, నేటాల్ చేసింది చూడండి, బాగుంది. కాలనీల మంత్రి తనే మోడల్ చూపించి పంపాడు. 1901లో ఆస్ట్రేలియా అదే తీసుకుంది, ఏదైనా యూరప్ భాషలో 50 మాటల డిక్టేషన్, ఏ భాష అనేది ఆఫీసరు ఇష్టం.

కృష్ణాతీరం గారు రాసేవాడి చేతిలో ఏముందో చూడమన్నారు. చూస్తున్నా. ఆపే అధికారం చేతిలో ఉంది, 1895లో వాడారు కూడా. వాడి ఎదుటివాడికి ఎలా రాస్తే పాస్ అవుతుందో నేర్పారు. అవతలివాడి ఒత్తిడికి తలొగ్గడం వేరు, ఇది వేరు.

కృష్ణాతీరం:
నేర్పారు అనేది బలమైన మాట. నేను దాన్ని రాజీ అంటాను. సామ్రాజ్యం అన్నది ఒకే చట్టం కింద ఉన్న దేశం కాదు, కాలనీకో బేరం. రంగు పేరుతో చట్టం చెయ్యకూడదు అన్న ఆ ఒక్క గీత కూడా లేకపోతే తర్వాత మనోళ్లు ఏ మాట పట్టుకుని కొట్లాడేవాళ్లు? ప్రతి పిటిషన్‌లోనూ 1858 రాణి ప్రకటన, సాల్స్‌బరీ 1875 ఉత్తరం ఎత్తి చూపించారంటే వాటికి ఏదో విలువ ఉండబట్టే కదా. అమలు కాని హామీ కూడా వాదించడానికి పనికొస్తుంది, కోర్టులో పనిచేసే ఎవర్నైనా అడగండి.

పాలమూరు పిల్ల:
అన్నా, పనికొచ్చింది నిజమే, అది రాసినోళ్ల పుణ్యం కాదు, పట్టుకొని అడిగినోళ్లది. రాసి ఊకున్నోళ్లకి క్రెడిట్ ఎందుకియ్యాలె?

ఇంకో ముచ్చట ఆడ్ చేస్త. 3 పౌండ్లకి ఒప్పుకున్న ఎల్గినే 1905ల కాలనీల మంత్రి అయిండు. 1906ల ట్రాన్స్‌వాల్‌ల, అప్పటికి అది కూడ బ్రిటిష్ కాలనీనే, ఆసియా వాళ్లందరూ పది వేళ్ల ముద్రలేసి రిజిస్టర్ కావాలె అని ఆర్డినెన్స్ వచ్చింది. గాంధీ, ఆయన తోటి ప్రతినిధి అలీ ఇద్దరు లండన్ పోయి నవంబర్ 8న ఎల్గిన్‌ని కలిసిన్రు. ఆయన అసెంట్ ఆపిండు, వీళ్లు ఖుషీగ వాపస్ బయల్దేరిన్రు. 1907 జనవరి 1 నుంచి ట్రాన్స్‌వాల్‌కి స్వపరిపాలన, మార్చిల కొత్త పార్లమెంట్ అదే చట్టాన్ని ఒక్క రోజుల పాస్ చేసింది, ఈసారి ఎల్గిన్ అడ్డం పడలె. కృష్ణాతీరం అన్నా, దీన్ని కూడ రాజీ అంటవా? సత్యాగ్రహం మొదలైందే దీని మీద.

ఉద్దానం అబ్బాయి:
ఇంత సంగతి ఉందని నాకు తెలీదు. మరి 3 పౌండ్ల పన్ను ఎప్పుడు పోయింది? ఉత్తరాల వల్ల పోయిందా?

సముద్రఘోష:
ఉత్తరాల వల్ల పోలేదు తమ్ముడూ. 1895 ఆగస్టులో చాంబర్లేన్‌కి ఒక పిటిషన్, ఎల్గిన్‌కి ఒక పిటిషన్ పంపారు, పన్ను ఆగలేదు. 1912లో గోఖలే సౌత్ ఆఫ్రికా వెళ్లి అక్కడి ప్రధాని బోథా, మంత్రి స్మట్స్‌ని కలిసి వచ్చి, తీసేస్తామని మాటిచ్చారు అన్నారు, వాళ్లు మేం అలా అనలేదన్నారు. 1913 అక్టోబర్‌లో న్యూకాజిల్ బొగ్గు గనుల్లో కూలీలు పని మానేశారు, నవంబర్‌లో ఆడవాళ్లు, చంటిపిల్లలతో సహా రెండు వేలమంది పైగా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి నడిచారు, తర్వాత సముద్రం వైపు చెరుకు తోటల్లో ఎవరూ పిలవకుండానే పని ఆగిపోయింది, కాల్పుల్లో మనుషులు పోయారు. పిటిషన్లలో సంతకంగా తప్ప కనపడని వాళ్లు, వాళ్లే. వైస్రాయ్ హార్డింజ్ మద్రాసులో బహిరంగంగా వాళ్ల పక్షాన మాట్లాడాడు, అది లండన్‌లో పెద్ద దుమారం అయింది. 1914లో చట్టం తెచ్చి పన్ను రద్దు చేశారు. 1895 నుంచి 1914 దాకా.

ఉద్దానం అబ్బాయి:
థాంక్స్ అన్నా. జోబర్గ్ అన్న గారూ, ఆ ఓడల లిస్టులో మా వైపు వాళ్ల పేర్లు వెతకాలంటే ఎలా? శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఏమీ దొరకట్లేదు.

జోబర్గ్ తెలుగోడు:
దొరకదు తమ్ముడూ, శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందే 1950లో. అప్పట్లో మీ సోంపేట, పలాస, టెక్కలి వైపంతా గంజాం జిల్లా, కాబట్టి జిల్లా గంజాం అని పెట్టి, శ్రీకాకుళం బదులు ఇంగ్లీషు వాళ్లు రాసిన చికకోల్ అని వెతుకు. బొబ్బిలి, పాలకొండ వైపైతే విజగపటం. చిత్తూరు వాళ్లెవరైనా వెతుకుతుంటే 1911కి ముందు అది ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఇంటిపేరు దాదాపు ఉండదు, పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడే ఆధారం, అవి కూడా విన్నవాడికి ఎలా వినపడితే అలా రాసుకున్నవి కాబట్టి అప్పన్నకి నాలుగైదు స్పెల్లింగులు పెట్టి చూడు. మీ ముసలోళ్లకి గుర్తున్న పేరు, ఊరు ఇక్కడ కాదు, మెసేజ్‌లో పంపు, ఈసారి డర్బన్ వెళ్లినప్పుడు చూస్తా.